మూడో తెర వెనక దగ్గు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. శ్మశానం పక్క ఇంట్లో ఏడాది కాపురం చేశాను, ఒక్క రోజు కూడా నిద్ర చెడలేదు. ఉద్యోగం కూడా అలాంటిదే. మురికి కాలువలు, బావులు, మరుగుదొడ్లు చూసి కాగితం మీద రాసే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. ఆళ్లగడ్డలో జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ అడగను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. ఇంకా అణాలే నడుస్తున్నాయి. మేము నంద్యాలలో ఉండేవాళ్ళం. మా వైపు నుంచి అహోబిలం పోయే యాత్రికులు ఆళ్లగడ్డలో బస్సు మారాలి. అక్కడ మగవాళ్ళు వంక గట్టుకు పోయేవారు. ఆడవాళ్ళ కోసం బస్సులు ఆగే చోటుకు వెనక ఒక కంట్రాక్టరు నాలుగు మరుగుదొడ్లు కట్టించాడు. లోతైన గుంట, దాని మీద చెక్క పలకలు, చుట్టూ రేకులు, ముందు గోనెపట్టా తెర. మనిషికి ఒక అణా, దానికే ఒక చెంబు నీళ్ళు. అణాకు హోటల్లో టీ వచ్చే రోజులవి. కూలికి పోయే ఆడవాళ్ళు ఆ అణా పెట్టలేక చీకటి పడేదాకా ఓర్చుకునేవారు.

తెరకు గడియ ఉండదు కాబట్టి ఒక పద్ధతి ఉండేది. బయటి మనిషి ముందు దగ్గాలి. లోపల ఎవరైనా ఉంటే తిరిగి దగ్గుతారు. అంతే, మాటలుండవు.

నెలకొకసారి వాటిని తనిఖీ చేయడం నా పని. తనిఖీ అంటే ఏమీ లేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదే నిలబడి, అణాలు వసూలు చేసే ఖాసింబీని అంతా బాగుందా అని అడిగేవాణ్ణి. బాగుందనేది. పలకలు గట్టిగా ఉన్నాయని, శుభ్రం తృప్తికరమని రాసి సంతకం పెట్టేవాణ్ణి. లోపలికి ఒక్కసారి కూడా పోలేదు. ఆడవాళ్ళది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

మా అమ్మకు అప్పటికి అరవై దాటాయి. ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసేది, దారిలో ఇబ్బంది పడాల్సి వస్తుందని. అలా బిగబట్టీ బిగబట్టీ మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకున్నాయి. మళ్ళీ నీళ్ళు మానితే ప్రాణం మీదికి వస్తుందని నంద్యాల డాక్టరు గట్టిగానే చెప్పాడు. అహోబిలం మొక్కు మాత్రం ఆగేది కాదంది అమ్మ.

"నేను చూసి సంతకం పెట్టిన పాయఖానా ఉండాదిమా ఆళ్లగడ్డలో. ఏం భయం లేదు, తాగు" అన్నాను.

నా మాట మీద, బస్సెక్కే ముందు అమ్మ నిండు చెంబు తాగింది. నాకు తెలిసి ప్రయాణం రోజున ఆమె నీళ్ళు ముట్టడం అదే మొదలు.

ఆళ్లగడ్డలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. అహోబిలం బస్సు నిండిపోయింది, డ్రైవరు ఆగకుండా హారన్ కొడుతున్నాడు. అమ్మ మొహం చూస్తే ఇక ఓర్చుకోలేదని తెలిసిపోతోంది. ఖాసింబీ చెంబు అందించింది. మొదటి రెండు తెరల కిందా, చివరి తెర కిందా పాదాలు కనబడుతున్నాయి. మూడో తెర కింద ఏమీ లేదు. అమ్మ దాని ముందు నిలబడి దగ్గింది. ఒక్క క్షణం ఆగి పక్కకు జరిగింది.

"పో అమ్మా, అది ఖాళీనే" అంది ఖాసింబీ.

"యాడ ఖాళీ? లోపల ఎవురో దగ్గుతాండారు."

ఖాసింబీ తెర అంచు ఎత్తి చూపించింది. ఎవరూ లేరు. అమ్మ కూడా వంగి చూసింది. తెర దించాక మళ్ళీ దగ్గింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోసారీ అంతే. పక్కనే ఉన్న ఖాసింబీకి ఏమీ వినపడలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న నాకూ వినపడలేదు.

నాకు ఒళ్ళు మండింది. "బస్సు పోతాందిమా! నీ కండ్లతో చూసినావు గదా, ఇంగేందీ?"

"కనపడకుంటే ఏమిరా? మనిషి దగ్గినాంక తెర తీసేది నాకు చేతగాదు" అంది.

ఖాళీ అని చూపించడానికి విసురుగా వెళ్ళి తెర లాగి లోపల కాలు పెట్టాను. పలక పెద్దగా చప్పుడు కూడా చేయకుండా విరిగింది. తొడ దాకా దిగిపోయాను. రేకు అంచు పట్టుకుంటే అరచెయ్యి కోసుకుపోయింది. ఖాసింబీ చొక్కా పట్టి పైకి లాగింది. నేను బక్కపలచటి మనిషిని, వయసులో ఉన్నవాణ్ణి. అమ్మది భారీ ఒళ్ళు, మోకాళ్ళు సరిగా వంగవు. ఆ గుంట నిలువెత్తుకు పైనే ఉంది. విరిగిన పలక గీరిన మచ్చ నా కాలి మీద ఇప్పటికీ ఉంది.

రెండోది ఖాళీ అయ్యాక అమ్మ అందులోకి వెళ్ళి వచ్చింది. ఈలోగా బస్సు పోయింది. బయటికి వచ్చిన ఆడవాళ్ళను, దగ్గింది మీరేనా అని నేనే అడిగాను. పాములపాడు నుంచి వచ్చిన ఒకామె తను ఒకసారి దగ్గానంది. మిగతా ఇద్దరూ దగ్గలేదన్నారు.

అమ్మ నా కాలికి గుడ్డ కడుతూ అడిగింది. "చూసే సంతకం పెట్టినావా నాయనా?"

చూసే పెట్టానన్నాను. ఆ అబద్ధం గుర్తుకొస్తే ఈ రోజుకీ సిగ్గేస్తుంది.

తర్వాతి బస్సుకు పోయి మొక్కు తీర్చుకున్నాం. తిరుగు ప్రయాణంలో అమ్మ చుక్క నీళ్ళు ముట్టలేదు. నంద్యాల చేరిన రాత్రే జ్వరం వచ్చింది. డాక్టరు రోజూ వచ్చి పోయాడు. ఎంత బతిమాలినా నీళ్ళు గుక్కెడు తాగి గ్లాసు పక్కన పెట్టేసేది.

ఆ వారంలోనే వాటిని మూయించడానికి ఆళ్లగడ్డ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, యాత్రికులు లేరు. నాలుగూ ఖాళీ. మూడోదానికి పలకలు కూడా లేవు, తీసేశారు. ఈసారి నేను రోడ్డు మీద ఆగలేదు. పద్ధతి ప్రకారం ఒక్కొక్క తెర ముందు దగ్గాను. మొదటిది, రెండోది, ఏమీ లేదు. మూడోదాని ముందు దగ్గాను.

లోపలి నుంచి జవాబు వచ్చింది. రెండుసార్లు, చిన్నగా. పెద్దామె ఎవరో మొహమాటంగా గొంతు సవరించుకున్నట్టు.

తెర తీశాను. గుంట తప్ప ఏమీ లేదు. రేకుల వెనక్కి వెళ్ళి చూస్తే ముళ్ళకంప. ఖాసింబీని రెండోదాని గుమ్మంలో, తర్వాత నాలుగోదాని గుమ్మంలో నిలబెట్టి దగ్గమని విన్నాను. ఆ శబ్దం వేరు, ఈ శబ్దం వేరు. ఇక్కడ ఎవరైనా చనిపోయారా అని అడిగితే తను ఎరిగినంతలో లేదంది. తర్వాత గుంట పూడ్చినవాళ్ళు కూడా అందులో ఏమీ చూడలేదన్నారు.

మిగతా మూడింటిలోకీ పోయి పలక పలకా కర్రతో పొడిచి చూశాను. ఒక్కటి కూడా గట్టిది కాదు. అన్నీ మూసేయాలని అక్కడే నిలబడి రాశాను.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని అమ్మకు అంతా చెప్పాను. ఎవరా మనిషి అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఈ తూరన్నా లోపలికి పోయినావా?" అంది.

నా అబద్ధం ఆమెకు ఆ రోజే తెలుసన్నమాట. "పోయినానుమా" అన్నాను.

"అయితే ఆ చెంబు ఇట్ల ఇయ్యి" అంది. సగం చెంబు తాగి ఇటు తిరిగి పడుకుంది. రెండు రోజులకు జ్వరం దిగింది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నంత కాలం, ఎక్కడ తనిఖీకి పోయినా తెర ముందు దగ్గి, లోపలికి పోయి చూసే రాశాను. మళ్ళీ ఎక్కడా ఖాళీ తెర వెనక నుంచి జవాబు రాలేదు. ఆళ్లగడ్డలో దగ్గింది ఎవరో నాకు తెలియదు. నేను రుమాలు అడ్డం పెట్టుకుని రోడ్డు మీద నిలబడి సంతకాలు పెట్టిన నెలల్లో కూడా ఆమె లోపల దగ్గుతూనే ఉందేమో, అదీ తెలియదు.