ఏకసంథాగ్రాహి

మా స్కూల్లో ఆటల సామాను పెట్టే గది పక్కన ఇంకో చిన్న గది ఉంది. ఎండాకాలం అందులో కూర్చుంటే రబ్బరు బంతుల వాసన ముక్కు వదలదు. తలుపు మీద కౌన్సెలింగ్ అని బోర్డు చూసి, కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు అడ్మిషన్లు ఇక్కడేనా అని తొంగి చూస్తుంటారు. వాసవి ఉద్యోగం ఆ గదిలో. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చదువు సాగని పిల్లలు, ఊరికే ఏడ్చే పిల్లలు, బడికి రానని ఇంట్లో మొండికేసే పిల్లలు, అందరూ ఆమె దగ్గరికే వస్తారు. వాళ్ళ వెనకాల అమ్మానాన్నలు. నన్నడిగితే పిల్లలు నయం. ఆ అమ్మానాన్నలతోనే అసలు పని.

నేను అదే స్కూల్లో లెక్కలు చెబుతాను. ఘాజియాబాద్‌లో అంత పెద్ద స్కూల్లో తెలుగువాళ్ళం మేమిద్దరమే. సాయంత్రం ఒకే ఆటోలో ఇళ్ళకు వెళతాం. పగలంతా మింగిన మాటలు ఆమె అక్కడ కక్కేస్తుంది. నేను వింటాను, మధ్యలో వేళాకోళం చేస్తాను.

వాసవిది కాకినాడ. సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చి, ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని గదిలో ఏళ్ళ తరబడి చదివింది. ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. ఆ ఏడే ఆమె పక్క మంచం అమ్మాయి, లేని చెవుడు ఉన్నట్టు కాగితం సంపాదించి ఉద్యోగం కొట్టేసింది. గోడ అవతల టీవీలో పాట వస్తే ఇవతల కూనిరాగం తీసే పిల్లట. అది చెప్పేటప్పుడు నేను నవ్వాను గానీ వాసవి నవ్వలేదు. లిస్టులో పేరు లేకపోయాక ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లక, ఇంటి ఓనరు పిల్లలకు ట్యూషన్లు చెబుతూ సైకాలజీ చదివి, మా స్కూల్లో చేరింది. పెళ్ళెందుకు చేసుకోలేదని స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా అడిగితే, తీరిక దొరకలేదంటుంది.

పిల్లల దగ్గర ఆమె వెన్న. ఎంత మొండి పిల్లాడైనా ఆమె ఎదురుగా కూర్చుంటే కాసేపటికి కరుగుతాడు. దొంగ కాగితం అన్న మాట వినపడితే మాత్రం నిప్పు. ఆ నిప్పే ఒక పిల్లను కాల్చింది. అది నేను కళ్ళారా చూశాను కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

కిందటేడు మా ఏడో తరగతిలో భానుశ్రీ అనే అమ్మాయి ఉండేది. తండ్రి రఘురామ్‌ది వరంగల్, కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం. ఆయనకు ఉన్నట్టుండి అస్సాంలోని సిల్చార్‌కు బదిలీ అయింది. పిల్లకు డిస్లెక్సియాలాంటి చదివే లోపం ఉన్నట్టు ఆసుపత్రి సర్టిఫికెట్ చూపిస్తే తండ్రిని అంత దూరం పంపరు. ఆ ఆసుపత్రికి వెళ్ళాలంటే ముందు స్కూలు కౌన్సెలర్ ఒక లెటర్ రాసివ్వాలి. మన తెలుగావిడే కదా అన్న ధీమాతో ఆయన సరాసరి వాసవికి ఫోన్ చేశాడు.

"ఒక్క లెటర్ ఇయ్యండి మేడమ్. బిడ్డకు చదువుడు సరిగ్గ వస్తలేదని రాస్తే చాలు. మీకు మాట రాకుండ ఇంట్ల ప్రాక్టీస్ గూడ చేయించిన. అన్నీ తప్పులే చదువుతది."

వాసవి ఫోన్ పెట్టేసి స్టాఫ్ రూమ్‌కి వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. కన్నబిడ్డకు తప్పు చదవడం నేర్పే తండ్రిని ఇదే చూడటం అంది. నాకూ ఒళ్ళు మండింది. రూలు పుట్టకముందే దాంట్లో సందు వెతికే మనుషులు మనవాళ్ళు.

మర్నాడు తండ్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, భానుని గదిలోకి పిలిపించింది. సన్నగా, రెండు జడలతో, భుజాన నీళ్ళ సీసాతో వచ్చింది. ఢిల్లీలో పుట్టిన మన పిల్లలందరిలాగే తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. వాసవి బీరువాలోంచి పిల్లలెవరూ ముందు చూడని ఒక ఇంగ్లీషు పేజీ తీసి చదవమంది. భాను ఒక్కో మాట దగ్గరా ఆగుతూ, అక్షరాలు తారుమారు చేస్తూ, ఒక వరుస వదిలేసి కింది వరుసలోకి జారిపోతూ, చెమటలు కక్కుతూ చదివింది. ఇంకో రోజైతే, ఇంకో పిల్లైతే, వాసవి అక్కడే పట్టుకునేది. ఆ పని ఆమెకు అంత బాగా వచ్చు. ఆ రోజు ఆమె చెవిలో రఘురామ్ ఫోన్ మాటలే మోగుతున్నాయి.

"నాటకం చాల్లే గానీ, నీ పుస్తకం తీసి నీకు నచ్చిన పాఠం చదువు" అంది.

పిల్ల ఇంగ్లీషు పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి, ఒక పాఠం గడగడా చదివేసింది. ఎక్కడా తడబడలేదు. కామాలు కూడా తప్పలేదు.

వాసవి రఘురామ్‌ని లోపలికి పిలిచి కూతురి ఎదుటే కడిగేసింది. తర్వాత పిల్ల వైపు తిరిగి చెప్పింది. "నీకే జబ్బూ లేదమ్మా. బంగారంలాగ చదువుతున్నావు. ఇంకెప్పుడూ ఇలాంటి వేషాలెయ్యకు, ఒళ్ళొంచి చదువుకో."

ఆ సాయంత్రం ఆటోలో ఈ మాటల్ని నాకు రెండుసార్లు అప్పజెప్పింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో గెలుపు చూశాను. మంచి పని చేశావన్నాను.

రఘురామ్ సిల్చార్ వెళ్ళిపోయాడు. పిల్ల చదువు పాడవకూడదని తల్లీ కూతుళ్ళు ఇక్కడే ఉన్నారు. తల్లి హారిక నోయిడాలో ఒక ల్యాబ్‌లో రిసెప్షనిస్టుగా చేరింది. పొద్దున వెళ్ళి, మెట్రోలో నిలబడి నిలబడి, చీకటి పడ్డాక ఇల్లు చేరేది.

ఎనిమిదో తరగతిలో భానుకి క్లాస్ టీచర్ని నేను. అర్ధ సంవత్సరం పరీక్షల్లో దాని మార్కులు కుప్పకూలాయి. తండ్రి మీద బెంగ అనుకున్నాం. వాసవి వారం వారం పిలిచి, నాన్న గురించి మాట్లాడించి, పాఠాలు మళ్ళీ చెప్పేది. నోటితో అడిగితే పిల్ల అన్నీ చెప్పేది. గడగడా చదవడం తన కళ్ళతో చూసింది కాబట్టి, మళ్ళీ చదివించి చూడాలన్న ఆలోచనే వాసవికి రాలేదు. పరీక్షలో మాత్రం సగం కాగితం తెల్లగా ఉండేది.

ఆఖరి పరీక్షల్లో భాను తప్పింది. అదే తరగతి మళ్ళీ చదవాల్సిందేనన్నారు ప్రిన్సిపల్. క్లాసులో పిల్లలు ఏమన్నారో, దానికి ఏం పేరు పెట్టారో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ చెయ్యలేదు. ఆ మర్నాటి నుంచి అది బడికి రాలేదు. గదిలో గడియ పెట్టుకుని, కత్తెరతో రెండు జడలూ కోసేసుకుంది.

తల్లి ఉద్యోగం మానేసి, టీసీ తీసుకోవడానికి వచ్చింది. సిల్చార్‌కి టికెట్లు కొనేశారు. నేను టీసీ పట్టుకుని వాసవి గదికి వెళ్ళేసరికి హారిక కుర్చీ అంచున కూర్చుని ఉంది. మెడ వరకు ఎగుడుదిగుడుగా ఉన్న జుట్టుతో భాను పక్కన నిలబడింది.

"ఎందుకిట్లైందో సమజైతలేదు మేడమ్," అంది హారిక. "మా బిడ్డ ఏకసంథాగ్రాహి. చిన్నప్పటి సంది నేను పాఠం ఒక్కసారి చదివి వినిపిస్తె చాలు, మొత్తం అప్పజెప్పేది. మా అత్తమ్మ ఊరంత చెప్పుకునేది. ఈ ఏడే నౌకరీల పడి నాకు చదివి వినిపించే తీరిక దొరకలే."

వాసవి చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"ఏడో తరగతి పాఠాలు కూడా మీరే చదివి వినిపించారా?"

"అన్నీ నేనే. రొట్టెలు చేసుకుంట చదివేదాన్ని."

"తనంతట తను చదువుకునేది కాదా?"

"ఎందుకు మేడమ్, అన్నీ యాదుంటయి గద."

మన ఇళ్ళలో ఇంతే. ఒక్కసారి వింటే వచ్చేస్తుందంటే మురిసిపోయి దిష్టి తీస్తాం. ఆ పిల్లకు చదవడం వచ్చా అని మాత్రం ఎవ్వరం అడగం. ఇన్నాళ్ళూ పరీక్షల్లో భానుకి, ప్రశ్నలో రెండు మాటలు గుర్తుపడితే జవాబంతా జ్ఞాపకంలోంచి దిగేది. స్పెల్లింగ్ తప్పుల్ని మా టీచర్లు తొందరపాటు కింద కొట్టేశారు.

వాసవి భానుని దగ్గరికి పిలిచి, టేబుల్ మీదున్న ఆ రోజు ఇంగ్లీషు పేపర్ ముందుకు జరిపింది. మెల్లగా చదవమంది. పిల్ల తల్లి వైపు చూసి మొదలుపెట్టింది. ఒక్కో మాట దగ్గరా ఆగింది. అక్షరాలు తారుమారయ్యాయి. వరుస జారింది. మొదటి వార్త సగం కాకుండానే నుదుటికి చెమట పట్టింది. వాసవి చెయ్యెత్తి ఆపింది.

"ఆ రోజు కూడా ఇలాగే చదివావు కదూ."

"పాపా నే బోలా థా గలత్ పఢ్‌నా," అంది భాను తల వంచుకుని. "ముఝే తో ఐసే హీ ఆతా హై."

నాన్న తప్పు చదవమన్నాడు, నాకు వచ్చేదే ఇలా అంటోంది. ఇన్నేళ్ళు దాచుకున్న పిల్ల, నాన్నే చెప్పాడు కదా అని ఆ ఒక్క రోజు దాచుకోకుండా చదివింది. దాన్ని వాసవి నాటకం అంది. ఆ తర్వాత అమ్మ గొంతులో విన్న పాఠాన్ని అప్పజెబితే చదువు అంది.

వాసవి అక్కడికక్కడ లెటర్ రాసింది. రఘురామ్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. పిల్లకు నిజంగానే ఇబ్బంది ఉందని, తనే పొరపాటు పడ్డానని, వెంటనే పరీక్ష చేయించి నేర్పే పద్ధతిలో నేర్పిస్తే కోలుకుంటుందని, అంతా చెప్పింది.

"అది నేను నేర్పిందే మేడమ్," అన్నాడు రఘురామ్. ఆ గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. "అప్పుడు ప్రాక్టీస్ చేయించిన గద, అదే అలవాటు పడ్డది. ఇక్కడ నా కండ్ల ముందట ఉంటే పోతది. బిడ్డకు ఏం లేదని మీరే అన్నరు. ఆ మాట మీదనే నేను ఇక్కడికొచ్చిన. ఇప్పుడు మళ్ళ లేని రోగం అంటగట్టకండి."

ఫోన్ పెట్టేశాడు. హారిక లెటర్ వైపు చూసింది, కూతురి వైపు చూసింది. ఇంట్లో ఆ ప్రాక్టీస్ ఆవిడ ఎదురుగానే జరిగింది మరి. నా చేతిలోంచి టీసీ ఒక్కటే తీసుకుని లేచింది.

వాసవి గుమ్మం దాకా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ఏడుపు ఆపుకోలేక అడిగింది.

"ఆ రోజే నాతో చెప్పొచ్చు కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

భాను ఆమె మొహంలోకి చూసింది. అన్నాళ్ళుగా ఆ గదిలో ఒక్క ముక్క తెలుగు మాట్లాడని పిల్ల, వాసవి కాకినాడ యాసతో సహా, ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ చెప్పింది.

"నీకే జబ్బూ లేదమ్మా. బంగారంలాగ చదువుతున్నావు. ఇంకెప్పుడూ ఇలాంటి వేషాలెయ్యకు, ఒళ్ళొంచి చదువుకో."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పాఠం అప్పజెప్పినట్టే చెప్పి, చెయ్యి విడిపించుకుని అమ్మ వెనకాల వెళ్ళిపోయింది.