పోశవ్వ నన్ను నిలబెట్టిన చెల్క

పోశవ్వ పోయిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మా ఊరి మల్లయ్య. పొద్దున నేను చాటలో పచ్చజొన్నలు చెరుగుతున్నాను. కొత్త జొన్నల పొట్టు వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ఆమే గుర్తుకొస్తుంది. ఆ పొద్దున కూడా ఆమెనే తలుచుకుంటున్నాను. మల్లయ్య గడప అవతలే ఆగి, తలరుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అక్కా, పోశవ్వ పోయింది. పండుకున్నది పండుకున్నట్టే పోయింది," అన్నాడు. నేను చాట కింద పెట్టి, దేవుని గూట్లో వెలుగుతున్న దీపంలో ఇంకొంచెం నూనె పోశాను. గట్టిగా ఏడవడానికి కూడా ఓపిక కావాలి. ఈ వయసులో అది మాకిద్దరికీ లేదు. మల్లయ్య లోపలికి వచ్చి ఆ జొన్నల పక్కన కూర్చున్నాడు. అవి పండిన మెట్టభూమి, మా చెల్క, ఈనాటికీ మా చేతిలో ఉందంటే, దేవుని తర్వాత పోశవ్వ దయే.

మాది కరీంనగర్‌కు ఎగువన, గోదావరికి ఇవతల ఒక చిన్న ఊరు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, వాన మీదే బతికే మాలాంటి వాళ్ళకు బావి తవ్వుకోవడానికి సర్కారు సాయం మంజూరైంది. సగం ముందు వచ్చింది. మిగతా సగం రావాలంటే ఒక షరతు: సాయం పొందినవాళ్ళే ఆ భూమి సాగు చేస్తూ ఉండాలి. బీడు పెట్టినా, మరొకరి చేతికి ఇచ్చినా సాయం అక్కడికి ఆగిపోతుంది. ఏటా పంట చేను మీద ఉండగా రెవెన్యూ అధికారి గిర్దావర్ వచ్చి, ఎవరి చెల్క ఎవరు దున్నుతున్నారో కళ్ళారా చూసి సాగు లెక్కల పుస్తకం పహాణీలో రాయించేవాడు. మేం అర్హులమా కాదా అన్నది ఆ ఒక్క పూట తేలేది. మళ్ళీ ఏడు మళ్ళీ ఆ పూట.

బావి సగం లోతు దిగి, కింద బండ తగిలిన దగ్గర మా ఇంటాయన కాలుజారి పడ్డాడు. తుంటి విరిగింది. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడేనాటికి ఆయన మంచం మీదే ఉన్నాడు. అప్పుడు ఆయన అన్న, మా బావ, వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. "తమ్మీ, ఏం ఫికర్ చెయ్యకు. చెల్క నాకు పాలుకియ్యి. దున్నుకుంట, ఇత్తుకుంట. పంటల సగం నీ ఇంటికి తెచ్చి పోస్త," అన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. మా ఇళ్ళల్లో కష్టం వచ్చినవాడు చెల్కను అన్నదమ్ములకు పాలుకివ్వడం కొత్తేం కాదు, తప్పూ కాదు. నేను కూడా మనసులో దేవునికి దండం పెట్టుకున్నాను, దారి చూపించాడని.

పొరుగింటి పోశవ్వ ఆ పూట చల్ల కోసం వచ్చింది. వరుసకు నాకు అత్త. చల్ల పోస్తుంటే చెంబు చేతిలో పట్టుకునే అంది: "పాలుకిస్తే పంట సగమే పోతది బిడ్డా, పేరు మాత్రం మొత్తం పోతది." నాకు అర్థం కాలేదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. "నా పెనిమిటి పోయిన ఏడు నన్ను మూలకు కూసోవెట్టిండ్రు. ఏడాది దాకా గడప దాటద్దన్నరు. మా మరిది చెల్క చూసుకుంటనన్నడు, మంచిదే అనుకున్న. గిర్దావర్ వచ్చిన్నాడు చెల్కల ఎవరున్నరు? ఆయనే ఉన్నడు. నేను మూలకున్న. ఉన్నోని పేరు రాసుకపోయిండ్రు. ఆ ఎనుక ఇత్తనాలొచ్చినా, ఎరువొచ్చినా ఆయనకే. ఇయ్యాల్టికి నా చెల్క నాకు రాలే." ఆ మాటల్లో కోపం లేదు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు అది.

"మరి దున్నేదెవరత్తా?" అన్నాను.

"బదులు పోదాం," అంది.

బదులంటే, ఒకరి చేనుకు ఒకరు పనికి పోయి, పనికి పనే తీర్చుకోవడం. చేను ఎవరిదో సాగు వాళ్ళదే అవుతుంది. మా ఆయనకు నచ్చజెప్పి, పాలు వద్దని బావకు చెప్పించాను. మల్లయ్యకు కలుపు తీసే ఆడవాళ్ళు లేరు. అతను మా ఎడ్లతో మా చెల్క దున్ని జొన్న ఇత్తుతాడు. నేను అతని చేనుకు కలుపుకు పోతాను. నాకు ఆ పని చేతకాదు. మా బాపు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు, స్తోత్రాలు నేర్పాడు కానీ కలుపు కొడవలి పట్టించలేదు. అందుకని పోశవ్వ నా పక్క సాలు పట్టుకునేది. తన సాలు అయ్యాక మారు మాట్లాడకుండా నా సాలులోకి వచ్చేది. "గడ్డి కంటె జొన్ననే ఎక్కువ పీకుతుంది గీ పిల్ల!" అని మల్లయ్యను నవ్వించేది. సాయంత్రానికి నా నడుము విరిగిపోయేది. ఆమెది నాకంటే పెద్ద వయసు. ఆమె నడుము సంగతి నేను ఏనాడూ అడగలేదు.

దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు మా బిడ్డకు బాసరలో అక్షరాభ్యాసం చేయిస్తానని మొక్కుకున్నాను. మూట కట్టుకున్నాక తెలిసింది, గిర్దావర్ రేపో ఎల్లుండో వస్తున్నాడని. గూటి ముందు కూర్చుని ఏడ్చాను. పోశవ్వ వచ్చి మూట విప్పింది. "బాసర ఏడికి పోదు బిడ్డా, గోదారి ఏడికి పోదు. గిర్దావర్ మాత్రం వచ్చి పోతడు. సరస్వతమ్మ తల్లి, ఆమెకు తెల్వదా నీ బాధ? గిర్దావర్‌కు తెల్వది," అంది.

మరునాడు పొద్దెక్కాక ఆయన వచ్చాడు. వెంట ఊరి లెక్కలు రాసే పట్వారీ, ఆ వెనక మా బావ. మేం గట్టు పక్కన పిట్టలు కొడుతున్నాం. "మా తమ్ముడు మంచాన వడ్డడు సాబ్. సేద్యమంత నేనే చూసుకుంటున్న," అన్నాడు బావ.

"అవునయ్యా, చూసుడే చూసినవ్!" అంది పోశవ్వ వడిసెల దింపకుండానే. "వానకాలమంత మాకు చెల్కమన్ను గోర్లల్లకెళ్ళి పోలే, నీ చెప్పులు పెండ్లికొడుకు చెప్పులోలె మెరుస్తున్నయి." పట్వారీ నవ్వు ఆపుకున్నాడు. గిర్దావర్ నా వైపు తిరిగి, "ఈ సాగు ఎవరిదమ్మా?" అని అడిగాడు.

పరాయి మగవాళ్ళ ముందు నేను అంతవరకు నోరు విప్పలేదు. పోశవ్వ చెబుతుందని చూశాను. ఆమె వడిసెల దింపి నన్నే చూస్తోంది. ఇది ఎవరో చెప్పేది కాదని అప్పుడు తెలిసింది. కొంగు సర్దుకుని గట్టెక్కి నిలబడ్డాను. "మాదే సాబ్. బదులు పోయి నేనే చేయిస్తున్న," అన్నాను. ఆయన జొన్నను చూశాడు, నా చేతులు చూశాడు, రాయమన్నట్టు పట్వారీకి సైగ చేశాడు.

ఆనాడు గట్టు మీదే, మన్ను చదును చేసి, బిడ్డ వేలు పట్టి నేనే ఓనమాలు దిద్దించాను. బాసరకు మరో ఏడు పోయి మొక్కు తీర్చుకున్నాం.

అంతటితో అయిపోలేదు. ఆ మరుసటి ఏడూ, ఆ పై ఏడూ అలాగే నిలబడవలసి వచ్చింది. మా ఆయన కర్ర ఊతంతో నడిచే దాకా మల్లయ్య దున్నాడు, మేమిద్దరం కలుపు తీశాం. మిగతా సాయం కూడా వచ్చి, చివరికి బండ పగిలి నీళ్ళు పడిన నాడు మొదటి దోసెడు పోశవ్వకే ఇచ్చాను. తాగి, "సల్లగున్నయి బిడ్డా," అని మూతి తుడుచుకుంది. "నీ చెల్క కోసం కూడా తాసిల్ కచేరికి పోదాం అత్తా, నేనొస్త," అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇంకోపారి గట్టు మీద నిలవడే ఓపిక లేదు. నా వంతు నువ్వు నిలవడ్డవు గద, నాకదే సాలు," అని పక్క చేనుకు కూలికి పోయింది.

ఇప్పుడు నా మోకాళ్ళు సహకరించవు. అయినా విత్తనం ఇత్తే రోజు ముందు నేను పోయి ఆ గట్టు మీద నిలబడందే ఎడ్లు కట్టనివ్వను. అడిగేవాళ్ళెవరూ లేకపోయినా "మాదే సాబ్" అని లోపల అనుకుంటాను, ఆ తర్వాతే దేవుని పేరు తలుస్తాను. దేవునికి కోపం రాదని నా నమ్మకం.

పోశవ్వకు పిల్లలు లేరు. పహాణీలో తన చెల్క ఎదుట తన పేరు లేదు. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఎప్పుడైనా ఏ బావి దగ్గరైనా దోసిలి పట్టి నీళ్ళు తాగితే, చల్లగా ఉన్నాయనిపిస్తే, పోశవ్వ అని ఒక్కసారి ఆమె పేరు అనండి.