ఖంగుమన్న ప్లాటు

ప్లాటు కొనేవాళ్ళు అడగవలసిన ప్రశ్నలు పద్నాలుగు. తాండూరు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లోనే వాటిని డైరీ వెనక పేజీలో రాసి పెట్టుకున్నాను. రోడ్డు ఎన్ని అడుగులు, పాత దస్తావేజులు ఎవరి పేరున ఉన్నాయి, వాన నీళ్ళు ఎటు పోతాయి, ఇలాంటివి. రిటైరయ్యాక ఆ పేజీ పట్టుకొని మా వీధిలోని గని పనివాళ్ళకు ప్లాట్లు చూపించడం మొదలుపెట్టాను. ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే మా ఆవిడ కూరగాయలు తరగమంటుంది.

పోయిన ఎండాకాలం, నాపరాయి గనిలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకాయన భార్యతో వచ్చాడు. వానలలోగా ఇల్లు ఖాళీ చేయమని వాళ్ళ యజమాని చెప్పాడట. ఆయన నసుగుతుంటే ఆమె తెగేసి చెప్పింది.

"వానలు పడకముందే సొంతింట్ల పాలు పొంగియ్యాలె సారూ. మళ్ల ఇంకో కిరాయింటికి సామాన్లు మొయ్య."

ముందు వికారాబాద్ తీసుకెళ్ళాను. గాలి మంచిది, రోడ్డు వెడల్పు, కాగితాలు సక్రమం. నా పద్నాలుగు ప్రశ్నలకూ బ్రోకరు తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఇంతలో మనవాడు వెంట తెచ్చుకున్న గడ్డపారతో నేలను పొడిచి, మోకాళ్ళ మీద వంగి చెవి ఒగ్గాడు. బ్రోకరు నా వైపు చూశాడు. నేను డైరీలోకి చూశాను.

"కింద ఏం లేదు సారూ. అంత ఉత్త మన్నే," అన్నాడు.

ఇళ్ళన్నీ మన్ను మీదే కడతారని బ్రోకరు నచ్చజెప్పబోయాడు. వినలేదు. లోపల బండ లేని జాగా, ఎముకల్లేని మనిషి ఒకటేనట. అలా ఐదు ప్లాట్లు, రెండు ఆదివారాలు పోయాయి. బ్రోకరు మా ఫోను ఎత్తడం మానేశాడు.

చివరికి కరణ్‌కోట దారిలో ఒకచోట గడ్డపార ఖంగుమంది. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా ఆయన ముఖం వెలిగిపోయింది. అదృష్టం కొద్దీ కాగితాలూ బాగానే ఉన్నాయి. వారంలో రిజిస్ట్రేషన్ అయిపోయింది.

పునాదికి మూడడుగులు చాలని మేస్త్రీ చెప్పాడు. నేను డైరీలో రాశాను. మనవాడు సెలవు పెట్టి, గనిలోని ఇద్దరు దోస్తులతో తవ్వడానికి దిగాడు. మూడో అడుగులో బండ తగిలింది. నున్నటి నీలం పొర. అంత మంచి పొరను చూశాక వాళ్ళ చేతులు ఊరుకుంటాయా? దాన్ని తీస్తే కింద ఇంకొకటి, ఇంకా మంచిది. నేనైనా ఆపవలసింది. కానీ ఏ రోజు ఎంత మందం పొర వచ్చిందో టేపు పెట్టి కొలిచి రాసుకోవడంలో పడిపోయాను. ఎప్పుడు ఆపుతావన్న ప్రశ్న నా పద్నాలుగింటిలో లేదు.

పదో రోజు ఆమె సద్ది పట్టుకొని వచ్చింది. గట్టు మీద నేనొక్కణ్ణే, కుర్చీలో. మొగుడేడని అడిగితే కిందికి చూపించాను. చాలాసేపు తొంగి చూసింది.

"ఏందయ్యా, ఇల్లు కట్టమంటే గని పెట్టినవ్?"

"గీ పొర మస్తుగున్నదే," కింది నుంచి జవాబు.

"గట్లయితే నన్నెందుకు చేస్కున్నవ్? గా పొరనే పెండ్లి చేసుకోకపోయినవ్."

తరువాత నా వైపు తిరిగింది. "పెద్దమనుషులు, మీరు గూడ రాసుకుంట కూసున్నరా సారూ?"

నేను టేపు చుట్టేశాను. పైకొస్తేనే బువ్వ అని ఆమె సద్ది గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. రెండు నిమిషాల్లో ముగ్గురూ పైన ఉన్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి అజమాయిషీ ఆమెది. తీసిన బండలతోనే గోడలు, పైకప్పు. గొయ్యి పూడ్చే వ్యవధి లేక, దాని మధ్యలో ఒక గోడ లేపి, పైన బండలు పరిచి, ఓ మూల కిందికి దిగే మెట్లు వదిలారు. తొలి వానకు నాలుగు రోజుల ముందు ఇల్లు నిలబడింది.

గృహప్రవేశానికి గని వాళ్ళంతా వచ్చారు. వచ్చినవాడు వచ్చినట్టే చెప్పులు విడిచి, ఇంటి వైపు చూడకుండా, పొరలు చూడటానికి మెట్లు దిగిపోయాడు. పొయ్యి దగ్గర ఆమె, నేను మిగిలాం. పాలు పొంగాయి. ఆమె కళ్ళు తుడుచుకొని, మెట్ల దగ్గరికి పోయి అందరినీ పైకి రమ్మని పిలిచింది.

టార్చిలైటు పంపమని కింది నుంచి కేక వచ్చింది.

ఆమె నాకొక గ్లాసు పాలు పోసి, తనూ ఒకటి పోసుకొని, కొత్త గడప మీద కూర్చుంది.