లారీలు రాని దారి

కరెంటు ఆఫీసులో మీటరు రీడరు ఉద్యోగం వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. పదకొండు ఊళ్లు అప్పగించారు. తిరగడానికి బండి మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలన్నారు. ఆమె భర్తకు సైకిలు షాపు ఉంది. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ రాని పాత లేడీస్ సైకిలుకు అతను కొత్త చైను వేసి, బ్రేకులు మార్చి, ముందు ఒక బుట్ట బిగించి ఇచ్చాడు. బుట్టలో ప్లాస్టిక్ అట్ట వేసిన రీడింగు పుస్తకం, టార్చిలైటు, నీళ్ల సీసా. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్లన్నీ ఆమెకు 'మీటరక్క' అని పేరు పెట్టేశాయి. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

కానీ మొదటి వారంలోనే ఆ ఉద్యోగానికి ఎసరొచ్చింది. పెద్ద రోడ్డు మీద వెనకనుంచి వచ్చిన లారీ ఆమెను తాకనైనా తాకలేదు. దాని గాలి విసురుకే సైకిలు పక్కకు ఒరిగి, ఆమె రోడ్డు పక్క గుంటలో పడింది. మోచెయ్యి విరిగింది. కట్టుతో ఇంటికొచ్చిన కోడల్ని చూసి అత్తగారు లబోదిబోమంది.

"ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. మనిషివి దక్కావు, అదే పదివేలు" అంది.

భర్త మాత్రం షాపులో కూర్చుని వంకరపోయిన చక్రాన్ని పుల్ల పుల్లా బిగిస్తూ సరిచేశాడు. కట్టు విప్పిన రోజు సైకిలు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

"వెళ్లమనీ చెప్పను, మానమనీ చెప్పను. బండి మాత్రం సిద్ధం" అన్నాడు.

ఆమె వెళ్లింది. అయితే పెద్ద రోడ్డెక్కలేదు. ఊరి చివర గడ్డిమోపు దించుకుని చెమట తుడుచుకుంటున్న మనిషిని ఆపి, "అన్నా, లారీలు రాని దారేదైనా ఉందా?" అని అడిగింది.

అతను విచిత్రంగా చూశాడు. "ఉంది గానీ, అదెందుకమ్మా? ఊరంతా చుట్టొస్తుంది."

"చుట్టొస్తే చుట్టొచ్చింది. చెప్పన్నా."

అలా దొరికింది ఆమెకు పాతదారి. పెద్ద రోడ్డు వేసినప్పుడు దాన్ని తాడు పట్టి గీసినట్టు తిన్నగా వేశారు. దాంతో అంతకుముందు ఊరూరా ఆగుతూ వంకర్లు తిరుగుతూ వెళ్లే దారిని అందరూ మరిచిపోయారు. అది కాలవ గట్టు మీద రెండు మైళ్లు నడిచి, చెట్ల నీడలో పడి, ఒక రాతి వంతెన దాటి, బురుజులున్న పాత ఊళ్లోకి పోతుంది. వంతెనకు రెండు చివరలా నడుమెత్తు రాళ్లు పాతి ఉన్నాయి. ఎడ్లబండి పడుతుందేమో గానీ, లారీ తలకిందులుగా తపస్సు చేసినా పట్టదు. మొదటిసారి ఆ వంతెన మీద సైకిలాపి నిలబడినప్పుడు ఆమెకు కింద నీళ్ల చప్పుడు, తన చక్రం టిక్కుటిక్కుమంటూ ఆగడం తప్ప ఏమీ వినిపించలేదు. పడిన రోజు నుంచీ గుండెలో ఉన్న దడ అక్కడ తగ్గింది.

తర్వాత ఒక్కో ఊరికీ అలాంటి దారి వెతుక్కుంది. పొలం గట్టున ఒకటి, పాడుబడ్డ ఇటుకల బట్టీ వెనకనుంచి ఒకటి, చేనేత మగ్గాల వీధిలోంచి ఇంకొకటి. దూరం పెరిగింది. మిగతా రీడర్లు పన్నెండింటికల్లా ఆఫీసులో ఉంటే ఆమె మూడింటికి చేరేది. ఒకసారి ఆఫీసరు నిలదీశాడు.

"వాళ్లంతా ఎప్పుడో తిరిగొచ్చేస్తున్నారు. నువ్వేంటమ్మా ఇంత ఆలస్యం?"

"నేనూ తిరిగొస్తున్నాను కదండీ" అంది ఆమె, మోచేతి మీది మచ్చ తడుముకుంటూ. ఆయన రీడింగు పుస్తకం ఇటివ్వమని చెయ్యి చాపాడు.

ఇరవై ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. ఏ ఇంట్లో మీటరు పెట్టెలో కందిరీగలు గూడు పెడతాయో, ఏ గుమ్మం తలకు తగులుతుందో, ఏ కుక్క మొరుగుతుందో, ఏది మొరగకుండానే కరుస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ తర్వాత కొత్త మీటర్లొచ్చాయి. అవి తమ అంకెల్ని తామే ఆఫీసుకు పంపుకుంటాయట. మీటరక్కను ఫిర్యాదుల కౌంటరులో కూర్చోబెట్టారు.

కుర్చీ, ఫ్యాను, అద్దంలో చిన్న కంత. పని తేలికే. కానీ నాలుగు నెలలకే ఆమె కాళ్లు వాచాయి, ఆకలి చచ్చింది, ప్రతిదానికీ చిరాకు. భర్త ఒకరోజు పళ్లెం ముందు కూర్చుని అన్నాడు: "లారీ పడేస్తే మూడు వారాల్లో లేచావు. ఈ కుర్చీ పడేస్తే లేచేలా లేవే."

"మీకు అన్నీ వేళాకోళమే" అని ఆమె విసుక్కుంది గానీ, మాట మాత్రం మనసులో నాటుకుంది.

ఆ వారంలోనే ఒక చరిత్ర మాస్టారు కౌంటరు దగ్గరికొచ్చాడు. అప్పుడే రిటైరయ్యాడు. ఇంట్లో కొత్త మీటరు కుయ్యిమని మోగుతోందని ఫిర్యాదు. ఆయన కాగితం నింపుతుండగా మీటరక్క ఒక లైన్‌మన్‌కు బురుజుల ఊరికి దారి చెబుతోంది. "కాలవ గట్టెక్కు, రాతి వంతెన దాటు, కోట గుమ్మం ఎదురుగానే ఉంటుంది. లారీ కాదు కదా, ఆటో కూడా తగలదు."

మాస్టారి కలం ఆగిపోయింది.

"అమ్మా, ఆ కోట గుమ్మం గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పానమ్మా. ఒక్కసారీ చూళ్లేదు. బస్సు అక్కడ ఆగదు. నాకు ఒక కన్ను సరిగా ఆనదు, పెద్ద రోడ్డెక్కితే మా అమ్మాయి ఒప్పుకోదు. సైకిలైతే ఉంది."

"ఆదివారం పొద్దున్నే రాగలరా మాస్టారూ?" అని అడిగేసింది ఆమె. అడిగాక తనకే ఆశ్చర్యమేసింది.

ఆదివారం ముగ్గురు బయల్దేరారు. గాలిపంపు పట్టుకుని భర్త కూడా వచ్చాడు. ముప్పై ఏళ్లు ఊరందరి సైకిళ్లూ బాగుచేసిన ఆ మనిషి తాను మాత్రం బజారు దాటి తొక్కింది లేదు. కాలవ గట్టు మీదే ఆయాసపడుతూ, "నేను బిగించిన సీటు ఇంత గట్టిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేమే!" అన్నాడు.

"చెప్పాను. మీరే వినలేదు" అంది ఆమె.

కోట గుమ్మం చూడగానే మాస్టారు సైకిలు దిగి అలా నిలబడిపోయాడు. "నాలుగు వందల ఏళ్లు!" అన్నాడు.

"ఈ గోడేనా? ఇంత మందంగా ఎవడు కట్టాడురా బాబూ అని నెలనెలా తిట్టుకునేదాన్ని. దీన్నానుకున్న ఇంట్లో మీటరు దీపపు గూట్లో పెట్టారు, తలంతా లోపల దూర్చాలి."

గుమ్మం పక్కన కాపలావాళ్ల గదిలో ఇప్పుడు ఒక అవ్వ టీ కాస్తోంది. గది గోడకు ఒక శాసనం ఉంది. మాస్టారు తడిగుడ్డతో తుడిచి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. పై మూడు వరుసలూ రాజుగారి బిరుదులు. నాలుగో వరుస సగంలో ఆగిపోయింది. మిగతా దాని మీద పాత మీటరు బోర్డు మేకులు కొట్టి ఉంది.

మీటరక్క ముఖం మాడిపోయింది. "ఆ బోర్డు మా వాళ్లు కొట్టిందే. ఇన్నేళ్లు దాని మీది అంకె చూశాను గానీ, కింద రాతలున్నాయని చూళ్లేదు."

సోమవారం ఆమె ఆఫీసులో కాగితం పెట్టింది. కొత్త మీటరు బయట స్తంభానికి పెట్టారు కాబట్టి పాత బోర్డు అక్కర్లేదని, దాని కింద శాసనముందని రాసింది. కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పాకుతుంటే ఆమె వెంటపడి తిరిగింది. మూడో వారానికి సంతకమైంది. లైన్‌మన్ వచ్చి బోర్డు విప్పుతుంటే అవ్వ అడ్డం పడింది.

"రాతలుంటే ఉండనీ నాయనా. ఆ పైన మేకు మాత్రం పీకకు. నా సంచి తగిలించుకోవాలి."

మేకు వదిలేశారు. మాస్టారు వంగి, బాగున్న కన్ను రాతికి దగ్గరగా పెట్టి చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏముంది మాస్టారూ? నిధా?"

"వంతెన ఇరుకు. బండివాళ్లు దిగి ఎడ్లను చేత్తో పట్టుకుని నడిపించాలి. ఎదురుగా కాలినడకన వచ్చేవాళ్లకు ముందు దారివ్వాలి. అంతేనమ్మా!"

మీటరక్క టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. "అయ్యో, అప్పుడూ ట్రాఫిక్ బాధలేనా!"

ఆ కథ మాస్టారు ఊరంతా చెప్పాడు. ముందు ఆయన కూతురే సైకిలు కొనుక్కుని వచ్చింది, నాన్న ఎక్కడికి పోతున్నాడో చూద్దామని. తర్వాత ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు నర్సులు, మీటరక్క ఆడపడుచు. ఆడపడుచు యాభై దాటాక సైకిలు నేర్చుకుని, మొదటి రోజే కాలవ పక్క బురదలో పడి, లేచి, "ఇక్కడ పడితే మెత్తగా ఉంది వదినా" అంది. దారులన్నీ కాగితం మీద పెట్టమని అందరూ పట్టుబట్టారు. మీటరక్క చెబుతుంటే మాస్టారు గీశాడు. కోటలు, బావులు, బురుజుల పేర్లు ఆయనవి. 'నీలం తలుపు ఇంట్లో అడిగితే నీళ్లిస్తారు', 'ఎర్రకుక్క: దిగి నడిస్తే ఏమీ అనదు', 'వాన పడితే ఇటు రావద్దు' లాంటివి ఆమెవి. ఆ కాగితాల నకళ్లు భర్త షాపులో మేకుకు గుచ్చి పెట్టాడు. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన వాళ్లకల్లా ఒకటి చేతిలో పెట్టడం అలవాటైంది.

కాళ్ల వాపు ఎప్పుడు పోయిందో ఆమెకు గుర్తులేదు. రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పితే, దాన్ని సైకిలు బుట్టలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

మొన్న చలికాలంలో ఏటి అవతలి వైపు వెళ్దామన్నారు. అవి ఏనాడూ ఆమె పుస్తకంలో లేని ఊళ్లు. పడవలో సైకిళ్లు దాటించి, అవతలి గట్టెక్కి, పది గంటలకల్లా ఆమె దారి తప్పింది. వెనక తొమ్మిది మంది ఆగారు. ఎటు చూసినా పచ్చటి చేలు, చిన్న చిన్న మట్టిదారులు, దూరంగా ఒక గుట్ట మీద తెల్లటి గోడ.

"ఎటు మీటరక్కా?" అని వెనకనుంచి నర్సు అడిగింది.

"నాకేం తెలుసు, నేనూ మొదటిసారే వస్తున్నాను" అంది ఆమె. ఆ మాట అనడం ఆమెకు భలే బాగుంది. గుట్ట మీది గోడ ఏమై ఉంటుందని మాస్టారు అప్పుడే వాదన మొదలుపెట్టాడు. ఆమె సీసా తీసి రెండు గుక్కలు తాగి, ఎడమవైపు దారి కాస్త నీడగా కనిపిస్తే అటు తిప్పింది.