పచ్చబడ్డ మెసేజ్

కొన్నేళ్ల కిందట బాంబూఫ్లాట్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఫెర్రీలో వస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ తన ఐఫోన్ నా ముందు పెట్టింది.

“భయ్యా, జర సూడు. క్యాంప్‌బెల్ బేలో మా తమ్ముడికి నాను పంపినయన్నీ నీలంగా ఉండీవి. నిన్న దెబ్బలాడుకున్నాం. ఇయ్యాల పచ్చగా అయిపోనాయి. నన్ను బ్లాక్ చేసేసాడేటి?”

రంగుల గురించి నాకు తెలిసిందల్లా తలకు వేసుకునేదే. అదృష్టవశాత్తూ ఇదొక్కటి తెలుసు.

“గుస్సా కాకపోవచ్చు దీదీ. ఆ చివరి దీవిలో నెట్ పోయుంటుంది. నెట్‌లో వెళ్తే నీలం, మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్తే పచ్చ.”

ఆవిడ ఫోన్ వెనక్కి తీసుకుంది.

“సునామీ అప్పుడు ఫోన్లేవీ? జెట్టీలో ఓడ దిగినోళ్లందర్నీ అడిగీదాన్ని, మా తమ్ముణ్ణి సూసారా అని. ఆఖరికి ఒకాయన ‘సూసాను, ఉన్నాడు’ అన్నాడు. ఆ మాటకి రంగేటి?”

ఒక్క వేలితో ‘తిన్నావా?’ అని కొట్టి పంపింది. అదీ పచ్చగానే వెళ్లింది. రేవు చేరేలోగా జవాబొచ్చింది: ‘తిన్నాను. నువ్వో?’ దాన్ని నేనే తెచ్చి ఇచ్చినట్టు నా భుజం తట్టి దిగిపోయింది.

ఇప్పటికీ నా మెసేజ్ పచ్చగా వెళ్తే, నెట్‌ని తిట్టబోయి ఆగి, వెనకాలే ‘తిన్నావా?’ అని ఇంకొకటి పంపుతాను. నాకు తిండి ధ్యాస ఎక్కువైందని మావాళ్ల అనుమానం.