అదే పేరుతో ఉన్న పాత సర్వే

ఆ రోజు సర్వే ఫైలు సరిచూడకుండా ప్రింటు ఇవ్వడం నా తప్పే. గురజాలలో కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. స్థలం సర్వే విడి ఫైలుగా ఉంటుంది, దాన్ని ప్లాన్‌కు రిఫరెన్సుగా, అంటే ఇల్లు గీయడానికి ఆధారంగా, తగిలిస్తాం. నా ప్రింటు చూసి మేస్త్రి పునాది తవ్వించాడు. ఆ స్థలం పక్కింటి మరియమ్మ పిన్ని కేకలకు పరుగెత్తాను.

"ఏందబ్బాయ్, ఉన్న ఒక్క దారీ తవ్వేశారే! మంచాన పడ్డ మీ బాబాయిని ఆసుపత్రికి ఎట్టా తీసుకుపోను? నీ కంప్యూటర్‌కి నా దారి కనపళ్ళేదా?"

ప్రింటు ఇచ్చిన ల్యాప్‌టాప్ తెరిచాను. కొత్త సర్వే ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోయింది. అది దొరక్క సాఫ్ట్‌వేర్, ప్లాన్ పక్కనే అదే పేరుతో ఉన్న పాత సర్వేను చప్పుడు చేయకుండా తగిలించుకుంది. అందులో దారి లేదు. తెర మీద ఏ హెచ్చరికా లేదు. కానీ ఆ పాత ఫైలును అక్కడ వదిలేసింది నేనే.

పిన్నికి ఆ మాటే చెప్పి పార అందుకున్నాను. సాయంత్రానికి గుంత పూడ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టి చేశాను. ఆటో ఆమె గుమ్మం దాకా వచ్చాకే ఇంటికి వెళ్లాను.