పెద్దమ్మ ఎడమ బుగ్గ

1961 జూలై 9, ఆదివారం పొద్దున్నే తాండూరు నుంచి పెద్దమ్మ కొడుకు వచ్చాడు. వికారాబాదులోని మా ఇంటి గుమ్మంలోనే నిలబడి, పెద్దమ్మ పోయిందని చెప్పాడు. అమ్మ వెంటనే ఏడవలేదు. తమలపాకుకు సున్నం రాసి, వక్క, తంబాకు వేసి మడిచి బుగ్గన పెట్టుకుంది. ఆ తర్వాతే కొంగు కళ్లకద్దుకుంది. అమ్మను చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

మాటల మీద నాకున్న ఇష్టం పెద్దమ్మ పెట్టిన భిక్షే. సెలవుల్లో తాండూరు వెళితే నాపరాయి అరుగు మీద కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది. నేను తొందరపెడితే, "ఆగు బిడ్డా, నోట్ల ఆకుంటే మాట నిదానంగొస్తది" అనేది. నిద్రలో కూడా ఆమె ఎడమ బుగ్గ పొగాకు ముద్దతో ఉబ్బెత్తుగానే ఉండేది.

పోయిన దసరాకు ఆమె కారం ముట్టలేదు. "సున్నం కాల్చింది, రెండు దినాలల్ల పోతది" అంది. పోలేదు. తంబాకు పెడితే నొప్పి తెలియడం లేదని, బుగ్గలోని పుండు మీదే పెట్టుకునేది. అదే మందనుకుంది. మేమూ అనుకున్నాం. ఎండాకాలానికి రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోలేదు. "నా నోరు మూతబడ్డదని మీ పెద్దనాయన మస్తు సంబురపడుతుండు" అని నవ్వబోయింది. నవ్వూ సరిగా రాలేదు.

చివరికి వికారాబాదు దవాఖానకు తీసుకొచ్చారు. డాక్టరు రాచపుండు, క్యాన్సర్ అన్నాడు. ఇంత క్రూరమైన దానికి అంత గొప్ప పేరు ఎవరు పెట్టారో. "నమిలే అందరికీ రాదు. కానీ తంబాకు ఒకేచోట అదిమిపెట్టుకునే వాళ్లలోనే ఎక్కువగా చూస్తున్నాను. తెల్లమచ్చగా ఉన్నప్పుడే రావలసింది" అన్నాడు.

నిన్న పదకొండో రోజు, తాండూరులో పెద్దమ్మ దినాల భోజనం. అమ్మ పులుసు పక్కకు జరిపి ఉత్త మజ్జిగన్నం తింది. అడిగితే, సున్నం ఎక్కువైందంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఈ సాయంత్రం ఇంటికి వచ్చాక, వెలుతురులోకి వచ్చి నోరు చూపించమన్నాను. అమ్మ పెదాలు బిగించింది.

"డాక్టరుకు చూపెట్టినంకనే గద అక్క పోయింది. నన్ను గూడ సంపుతవా ఏందే?"

"పెద్దమ్మ ఆలస్యంగ చూపెట్టిందమ్మా."

"నాకేం లేదు, పో."

"లేకుంటే మంచిదే. లేదని డాక్టరు నోటెంబడి విందాం."

అమ్మ పెరట్లోకి వెళ్లి ఆకు ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చింది.

"డాక్టరు చూసేటప్పుడు జర నా పక్కనే నిలబడతవా?" అంది.

రేపు పొద్దున అమ్మ ఆకు వేసుకోకముందే బయలుదేరాలి. దవాఖాన తలుపు తెరిచేసరికి వరుసలో మేమే ముందుండాలి.